పాలకు ఎంత వేడి కావాలి?

శ్రోతలకు నమస్కారం.

దాలి చూసినవాళ్లు మీలో ఇంకా కొందరు ఉండే ఉంటారు. పెరట్లో ఓ మూల చిన్న గుంట, అందులో నిదానంగా రాజుకునే పిడకలు, పైన పాలకుండ. మంట కనబడదు. పొద్దున పెట్టిన పాలు సాయంత్రానికి ఎర్రగా కాగి, మందంగా మీగడ కట్టేవి. పాలకు పెద్ద మంట అక్కర్లేదని మన అమ్మమ్మలకు బాగా తెలుసు.

డెయిరీలోనూ అంతే. పాశ్చరైజేషన్ అంటే పాలను 72 డిగ్రీలకు వేడిచేసి, 15 సెకన్లు అలా ఉంచి, వెంటనే 4 డిగ్రీలకు చల్లబరచడం. నీళ్లు మరగడానికి కావలసినంత వేడి కూడా కాదది. దాని కోసం బాయిలర్‌లో ఊకో, బొగ్గో, ఫర్నేస్ ఆయిలో కాలుస్తున్నాం. బయట ఆవరణలో కాలు పెట్టలేనంత ఎండ, లోపల అదే సమయానికి డబ్బు పెట్టి కొన్న మంట. ఇది చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

ఆ ఎండతోనే పాలు కాచుకోవచ్చని మహారాష్ట్రలోని లాతూర్‌లో మహానంద్ డెయిరీ దాదాపు ఇరవై ఏళ్ల కిందటే దారి చూపించింది. అక్కడ డిష్ పెట్టారు, అంటే ఎండను ఒకచోటికి చేర్చే అద్దాల పెద్ద పళ్లెం. అందులో అద్దాల విస్తీర్ణం 160 చదరపు మీటర్లు. ఐఐటీ బొంబాయి తోడ్పాటుతో తయారైంది, పేరు అరుణ్. అరుణుడంటే సూర్యుడి రథసారథి కదా, ఈ డిష్ కూడా పొద్దున్నుంచి సాయంత్రం దాకా సూర్యుడి వైపే తిరుగుతూ ఉంటుంది. అద్దాల మీద పడిన ఎండంతా ఎదురుగా ఉన్న ఒక చిన్న గూటిలోకి చేరుతుంది. ఆ గూటిలో గొట్టాలుంటాయి, గొట్టాల్లో ఒత్తిడితో నీళ్లు నడుస్తాయి. ఒత్తిడి ఉంటే నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగవు. మన ప్రెషర్ కుక్కర్‌లో జరిగేదీ అదే. ఆ వేడి తర్వాత పాలకు అందుతుంది. పాలకు ఎండ తగలదు, పాలు తమ పైపుల్లోనే ఉంటాయి.

మన తిరుమలలో ఇలాంటి డిష్‌లే 106 పెట్టి, ఆ ఆవిరితో 15 వేల మందికి వంట చేసే ఏర్పాటు 2002 నాటికే వచ్చింది. అన్నం వండే ఆవిరి పాలు కాచడానికి పనికిరాదా?

ఒక చిక్కుంది, దాచకుండా చెప్పాలి. అద్దాలకు నేరుగా పడే ఎండే కావాలి. మబ్బు కమ్మితే సోలార్ ప్యానెల్ కొంతైనా కరెంటు ఇస్తుంది, అద్దం ఏమీ ఇవ్వదు. ఊరు ఎంత వేడిగా ఉందన్నది కాదు, ఆకాశం ఎంత తేటగా ఉందన్నదే లెక్క. స్విట్జర్లాండ్‌లో బేవర్ అనే కొండ ఊరు ఉంది. సముద్రమట్టానికి 1,700 మీటర్ల ఎత్తు, చలికాలమంతా మంచు. అక్కడి డెయిరీ 2011లో 115 చదరపు మీటర్ల అద్దాలు పెట్టుకుంది. గాలి తేటగా ఉంటే చలిలోనూ అద్దం పనిచేస్తుంది.

ఇంకో చిక్కు వేళలది. పాలు తెల్లవారాక ఓసారి, పొద్దుగూకాక ఓసారి వస్తాయి. ప్యాకెట్లు తెల్లారకముందే బయల్దేరాలి. ఎండ మాత్రం మిట్టమధ్యాహ్నం. వేడినీళ్లను మందంగా కప్పిన ట్యాంకులో దాచుకోవచ్చు, కానీ దానికీ ఖర్చుంది.

అందుకే పాలు కాచడంతో కాకుండా, క్యాన్లు, పైపులు కడిగే పనితో మొదలుపెట్టమని నేను గట్టిగా చెబుతాను. పాశ్చరైజర్‌లో కాగిన పాలు బయటికి వస్తూ వస్తూ తమ వేడిని లోపలికి వచ్చే చల్లని పాలకు ఇస్తాయి. మంచి యంత్రంలో పది పాళ్లలో తొమ్మిది పాళ్ల వేడి అలాగే తిరిగి వస్తుంది, కాబట్టి అక్కడ కొత్తగా కావలసిన వేడి తక్కువే. క్యాన్లు, ట్యాంకర్లు, పైపులు కడిగిన వేడినీళ్లు మాత్రం చాలాచోట్ల కాలువలోకే పోతాయి. ఒకసారి గోరువెచ్చటి నీళ్లతో కడిగిన క్యాన్‌లో వేలు పెట్టి లోపలి అంచు రాసి చూడండి. వేలికి సన్నటి జిడ్డు అంటుకుంటుంది. మర్నాడు ఆ క్యాన్‌లో పోసిన పాలు త్వరగా పులుస్తాయి. ఆ జిడ్డు వదలాలంటే 70, 80 డిగ్రీల నీళ్లు, సోడా కావాలి. కడిగే పనిలో చాలా భాగం పట్టపగలే జరుగుతుంది. ఎండ వేళ, పని వేళ అక్కడ కలుస్తాయి.

అద్దాలకూ కడుగుడు తప్పదు, దుమ్ము పడితే వేడి పడిపోతుంది. 2016లో రైలు వ్యాగన్లలో తాగునీళ్లు తెప్పించుకున్న ఊరు లాతూర్. అలాంటి చోట అద్దాలు తుడిచే నీళ్లను కూడా ముందే లెక్కలో వేసుకోవాలి.

మీరు పాల సంఘంలో ఉంటే బాయిలర్ దగ్గర ఒక నోటు పుస్తకం వేలాడదీయండి. పగలు తొమ్మిది నుంచి నాలుగు దాకా ఎన్ని లీటర్ల వేడినీళ్లు వాడారో, ఎంత ఊక కాలిందో నెల రోజులు రాయించండి. డిష్ అమ్మేవాళ్లు వచ్చినప్పుడు ముందు ఆ పుస్తకం వాళ్ల చేతికివ్వండి.

సెలవు.