400 ఇళ్ల లెక్క, 52 రోజుల కథ

[తెర మీద నల్లబల్ల. సుద్దముక్కతో అంకెలు రాస్తున్న చెయ్యి.]

ముందు ఒక లెక్క. నోట్సు తియ్యండి. మానసిక రోగులకు ఒక ఆసుపత్రి కట్టడానికి 60 లక్షల మార్కులు అయ్యింది. (మార్కులంటే అప్పటి జర్మనీ డబ్బు, మీ యూనిట్ టెస్టువి కావు.) ఒక్కో ఇంటికి 15 వేల మార్కులు అనుకుంటే, ఆ డబ్బుతో ఎన్ని ఇళ్లు కట్టొచ్చు?

[మూడు సెకన్లు మౌనం.]

400. భాగహారం వచ్చినవాళ్లెవరికైనా వస్తుంది. ఇది నేను అల్లింది కాదు. నాజీల కాలంలో జర్మనీ స్కూలు లెక్కల పుస్తకంలో అచ్చయిన లెక్క. పిల్లాడు 400 అని రాస్తాడు, టీచర్ టిక్కు పెడతారు. పక్కింట్లో మతిస్థిమితం లేని పెద్దావిడ ఆ ఇళ్లకు అడ్డం అని ఎవరూ నోరు తెరిచి చెప్పక్కర్లేదు. లెక్కే చెప్పేసింది.

[టైటిల్ కార్డు. తర్వాత టీచర్ ముఖం.]

నమస్తే. ఈ రోజు తొమ్మిదో తరగతి సోషల్‌లో నాజీయిజం పాఠం. దీన్ని మీరెలా చదువుతారో నాకు తెలుసు, నేనూ అలాగే చదివాను. వర్సెయిల్స్ సంధి, 1923 నాటి ద్రవ్యోల్బణం, 1929 ఆర్థిక మాంద్యం, హిట్లర్ ఉపన్యాసాలు. నాలుగు పాయింట్లు బట్టీ, కింద అండర్‌లైన్, అయిపోయింది. పాయింట్లన్నీ నిజమే. కానీ అవి అప్పజెప్పిన పిల్లల్నే "ఇంతకీ కుర్చీ ఎలా వచ్చింది?" అని అడిగితే, "సైన్యంతో వచ్చి లాక్కున్నాడు సార్" అంటారు. లాక్కోలేదు నాయనా. పిలిచి ఇచ్చారు.

[తెర మీద ఓట్ల శాతాలు, సీట్లు.]

1928 ఎన్నికల్లో నాజీ పార్టీకి 2.6 శాతం ఓట్లు, 12 సీట్లు. మాంద్యం వచ్చి లక్షల మంది ఉద్యోగాలు పోయాక, 1932 జులైలో 37.3 శాతం, 230 సీట్లు. అదే ఏడాది నవంబర్‌లో మళ్లీ ఎన్నికలు. ఈసారి 33.1 శాతం, 196 సీట్లు. తగ్గాయి! గాలి తగ్గుతున్న టైంలోనే, మాజీ ఛాన్సలర్ (అంటే మన ప్రధానమంత్రి లాంటి పదవి) పాపెన్ లాంటి పెద్దమనుషులు ముసలి అధ్యక్షుడు హిండెన్‌బర్గ్‌ను ఒప్పించి, 1933 జనవరి 30న హిట్లర్‌ను ఛాన్సలర్‌ను చేయించారు. మంత్రివర్గంలో హిట్లర్ కాక నాజీలు ఇద్దరే. ముకుతాడు మన చేతిలోనే ఉంటుందని వాళ్ల ధీమా.

ఇక్కడినుంచి 52 రోజులు లెక్కపెట్టండి.

ఫిబ్రవరి 27 రాత్రి పార్లమెంటు భవనం, అంటే రైక్‌స్టాగ్, తగలబడింది. వాన్ డెర్ లూబ్ అనే డచ్ యువకుణ్ణి అక్కడే పట్టుకున్నారు. కమ్యూనిస్టుల కుట్ర అని ప్రభుత్వం అరిచింది. మర్నాడు, 28న, రాజ్యాంగంలోని 48వ అధికరణ కింద అధ్యక్షుడి సంతకంతో ఒక ఉత్తర్వు. మాట్లాడే హక్కు, పత్రికలు, సభలు, ఉత్తరాలూ ఫోన్ల గోప్యత, ఇంట్లోకి పోలీసులు చొరబడకుండా ఉన్న రక్షణ, అన్నీ ఒక్క కాగితంతో బంద్. చర్చ లేదు, ఓటింగ్ లేదు.

పోటీ పరీక్షలు రాసే మీ అన్నయ్యనో అక్కనో అడగండి. అత్యవసర పరిస్థితిలో ప్రాథమిక హక్కులు నిలిపేసే ఏర్పాటు మనకు ఎక్కడినుంచి వచ్చిందంటే, "వైమర్ రాజ్యాంగం" అని టక్కున చెప్తారు. ఆ బిట్టులోని వైమర్ ఇదే, అప్పటి జర్మనీ రాజ్యాంగం. 1975 జూన్ 25 నుంచి 1977 మార్చి 21 దాకా మన దగ్గర ఎమర్జెన్సీ నడిచింది. ఆ తర్వాత 1978లో 44వ సవరణ తెచ్చి, ఎమర్జెన్సీలో కూడా 20, 21 అధికరణల జోలికి వెళ్లకూడదన్నారు. 21 అంటే ప్రాణం, వ్యక్తిగత స్వేచ్ఛ.

సరే, బెర్లిన్‌కి వద్దాం. మార్చి 5న ఎన్నికలు. ప్రతిపక్షాల నోరు నొక్కి పెట్టినా నాజీలకు 43.9 శాతమే. మిత్రపక్షంతో కలిపితే మెజారిటీ దాటారు గానీ, రాజ్యాంగాన్ని పక్కనపెట్టే చట్టానికి మూడింట రెండొంతులు కావాలి.

[క్రోల్ ఒపేరా హౌస్ ఫోటో.]

మార్చి 23. పార్లమెంటు కాలిపోయింది కాబట్టి సభ ఒక ఒపేరా హౌస్‌లో. లోపలా బయటా నాజీ యూనిఫాం మనుషులు. 81 మంది కమ్యూనిస్టు సభ్యుల్లో ఒక్కరూ రాలేదు. కొందరు జైల్లో, మిగతావాళ్లు పరారీలో. మిగతా ప్రతిపక్షం కూడా రాకపోతే కోరం, అంటే సభ నడవడానికి కావాల్సిన కనీస హాజరు, ఉండదు కదా? దానికీ మందు వేశారు. అనుమతి లేకుండా రానివాళ్లను వచ్చినట్టే లెక్కగట్టేలా సభా నియమం మార్చారు. క్లాసులో మీరు ప్రాక్సీ అటెండెన్స్ కొడతారే, అదన్నమాట, పార్లమెంటులో!

సోషల్ డెమోక్రాట్ నాయకుడు ఓటో వెల్స్ ఒక్కడే లేచి వ్యతిరేకంగా మాట్లాడాడు. మా స్వేచ్ఛనూ ప్రాణాన్నీ తీసుకోగలరు, గౌరవాన్ని కాదు అన్నాడు. ఆ పార్టీవాళ్లు 94 మంది వ్యతిరేకంగా ఓటేశారు. సెంటర్ పార్టీతో సహా మిగతావాళ్లంతా అనుకూలం, 444. ఇక పార్లమెంటుతో పని లేకుండా మంత్రివర్గమే చట్టాలు చెయ్యొచ్చు, అవి రాజ్యాంగానికి విరుద్ధమైనా సరే.

తర్వాతివి చకచకా జరిగిపోయాయి. ఏప్రిల్ 7న యూదుల్నీ, తమకు గిట్టనివాళ్లనీ ప్రభుత్వోద్యోగాల్లోంచి తీసేసే చట్టం. టీచర్లు కూడా అందులోనే పోయారు. జులై 14న నాజీ పార్టీ తప్ప ఇంకో పార్టీ ఉండకూడదన్న చట్టం.

[మళ్లీ నల్లబల్ల. 400 అన్న అంకె అలాగే ఉంది.]

మన లెక్క అచ్చయ్యింది ఇలాంటి స్కూళ్ల కోసమే. 1939లో బెర్లిన్‌లోని టియర్‌గార్టెన్ వీధి 4వ నంబరు పేరుమీద 'టీ4' అని పిలిచే పథకం మొదలైంది. మానసిక రోగుల్నీ వికలాంగుల్నీ బస్సుల్లో తీసుకెళ్లి విషవాయువుతో చంపారు. 1941 ఆగస్టు నాటికి 70 వేలకు పైగా.

పరీక్ష సంగతికి వస్తే, కారణాలు రాశాక జనవరి 30, ఫిబ్రవరి 28, మార్చి 23 తేదీలు వరసగా పెట్టండి. ఇంకో మాట కూడా రాయండి: మార్చి 23 చట్టానికి గడువు నాలుగేళ్లే, పొడిగిస్తూ పోయారు. వైమర్ రాజ్యాంగాన్ని మాత్రం హిట్లర్ చివరిదాకా అధికారికంగా రద్దు చెయ్యలేదు.