బొందు కోస్తే చాలు, సంచి కోయక్కర్లేదు

"ఎండోస్కోపీలో రాళ్లు తీసేశారుగా, మళ్లీ గాల్‌బ్లాడర్ ఆపరేషన్ దేనికి?" ఎన్నిసార్లు చెప్పినా తిరిగొచ్చే ప్రశ్న ఇది. ఇవాళ తేల్చేద్దాం.

ఒక బొందు సంచి తీసుకోండి. సంచి అంటే పిత్తనాళం, కాలేయం నుంచి పిత్తాన్ని పేగులోకి తెచ్చే గొట్టం. మూతి అంటే ఆ నాళం చిన్నపేగులోకి తెరుచుకునే చోటు, పాపిల్లా. మూతి చుట్టూ బిగుసుకునే కండరమే బొందు. లోపల రాయి. బొందు కోస్తే అది బయటికొస్తుంది. స్ఫింక్టరాటమీ అంటే ఇదే. 1974 నుంచి ఉంది.

దీనికోసం నోట్లోంచి పేగులోకి పంపే స్కోప్‌కి కెమెరా కొసన ఉండదు, పక్కన ఉంటుంది. పాపిల్లా ఉన్నది పేగు పక్కగోడ మీద మరి.

అందరూ కోతకి భయపడతారు. అసలు కష్టం దానికి ముందే, మూతిలో దూరడంలో ఉంది. 0.025 లేదా 0.035 అంగుళాల గైడ్‌వైర్, అంటే దారి చూపే సన్నటి తీగ, ఎక్కించాలి. చిక్కేంటంటే, ఆ ఒక్క మూతి వెనక రెండు సంచులు! రెండోది క్లోమనాళం, అంటే క్లోమం (పాంక్రియాస్) నుంచి వచ్చే గొట్టం. వైరు పదేపదే అందులోకి పోతే క్లోమం వాచే ప్రమాదం పెరుగుతుంది. అందుకే, పడనివాళ్లకి తప్ప, వాపు తగ్గించే డైక్లోఫెనాక్ లేదా ఇండోమెథాసిన్ బిళ్ల 100 మిల్లీగ్రాములు మలద్వారంలో పెడతారు. ఇంత చిన్న బిళ్లని మర్చిపోవడం నా లెక్కలో క్షమించరాని తప్పు.

వైరు సరైన నాళంలో పడ్డాక కాంట్రాస్ట్, అంటే ఎక్స్‌రేలో కనబడే మందు, ఎక్కిస్తారు. ఎక్స్‌రేలో రాయి ఉన్నచోటు ఖాళీగా కనబడుతుంది. ఇక కోత: గడియారంలో 11, 12 అంకెల మధ్య దిశలో. పక్కకి పోయినా, మరీ పొడవైనా రక్తం కారుతుంది, లేదా బొందుతోపాటు సంచీ చిరుగుతుంది. అంటే పేగుకి చిల్లు.

తర్వాత రాయి వెనక బెలూన్ ఉబ్బించి కిందికి లాగుతారు, లేదా బాస్కెట్‌లో, అంటే చిన్న తీగల బుట్టలో, పడతారు. రాయి 15 మిల్లీమీటర్లు దాటితే? కోత పెంచరు. కొంచెం కోసి, మూతిని 12 నుంచి 20 మిల్లీమీటర్ల బెలూన్‌తో సాగదీస్తారు. అలా కాకుండా పెద్ద రాయిని బాస్కెట్‌తో లాగేస్తే బాస్కెట్టే మూతి దగ్గర ఇరుక్కోవచ్చు. అప్పుడది బయటికీ రాదు, రాయినీ వదలదు. రాయిని నలగ్గొట్టే లిథోట్రిప్టర్ చేతికందేలా ఉండాలనేది అందుకే.

టైమైపోతోంది, మిగతాది గబగబా. రాయి మిగిలిపోతే పిత్తం పారడానికి ప్లాస్టిక్ స్టెంట్, అంటే సన్నటి గొట్టం, పెడతారు. 3 నెలల్లోపు తీయడమో మార్చడమో చేయాలి, లేకపోతే అదే మూసుకుపోతుంది. ఇంటికెళ్లాక కడుపునొప్పి, చలిజ్వరం, నల్లటి విరేచనం, వీటిలో ఏది వచ్చినా వెంటనే ఆస్పత్రికి.

ఆ, మొదటి ప్రశ్న! మూడో సంచి ఒకటుంది, గాల్‌బ్లాడర్, అంటే పిత్తాశయం. రాళ్లు ఎక్కువగా తయారయ్యేది అక్కడే. దాన్ని మనం ముట్టుకోనేలేదు. అందుకే ఆపరేషన్, వీలైతే 2 వారాల్లోపే.