విమ్‌లో విన్‌డూ: ఒక్క కమాండ్‌తో అన్ని విండోలూ

అందరికీ నమస్కారం అండీ. ముందు స్క్రీన్ చూడండి. విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో నాలుగు విండోలు తెరిచాను, లైన్ నంబర్లు ఒక్కదాంట్లోనే ఉన్నాయి. మిగతా వాటికీ పెట్టాలంటే కంట్రోల్ డబ్ల్యూ నొక్కు, పక్కకెళ్లు, సెట్ నంబర్ కొట్టు, మళ్లీ కంట్రోల్ డబ్ల్యూ... చాలా రోజులు నేనూ ఇదే తంతు చేశాను.

ఇప్పుడు కోలన్, విన్‌డూ, సెట్ నంబర్, ఎంటర్. నాలుగింటికీ వచ్చేశాయి. విన్‌డూ తర్వాత ఏ కమాండ్ రాస్తే అది ఈ ట్యాబ్‌లోని ప్రతి విండోలోనూ వరసగా నడుస్తుంది. నేను ఎక్కువగా వాడేది విన్‌డూ డిఫ్‌దిస్. రెండు ఫైళ్లు పక్కపక్కన పెట్టి కొడితే తేడాలన్నీ రంగుల్లో తేలతాయి.

చిరాకు ఎక్కడంటే, పనయ్యాక కర్సర్ చివరి విండోలో ఆగిపోతుంది. మనం రాస్తున్న చోటు వెతుక్కోవాలి. అందుకే విమ్ సెట్టింగ్స్ ఫైల్ అయిన విమ్‌ఆర్‌సీలో చిన్న ఫంక్షన్ పెట్టుకున్నా. లోపల మూడే లైన్లు, జూమ్ చేస్తున్నా చూడండి. మొదటిది విన్ గెట్ ఐడీ, ఇప్పుడున్న విండో ఐడీ దాచుకుంటుంది. రెండోది ఎగ్జిక్యూట్‌తో విన్‌డూ నడుపుతుంది. మూడోది విన్ గోటూ ఐడీ, మనల్ని మళ్లీ పాత చోటికే తెస్తుంది. ఫంక్షన్ పక్కన అబార్ట్ అని మాత్రం రాయకండి. రాస్తే, మధ్యలో ఎర్రర్ వచ్చినప్పుడు ఆ మూడో లైన్ నడవదు. దీన్ని పిలవడానికి సొంత కమాండ్ కావాలి కదా, దాని పేరు క్యాపిటల్ లెటర్‌తోనే మొదలవ్వాలి. దాని పక్కన మనం రాసేదాన్ని తీసుకోమని చెప్పే ఎన్‌ఆర్గ్స్ ప్లస్ ఇవ్వడం మర్చిపోతే ట్రెయిలింగ్ క్యారెక్టర్స్ అంటూ మొండికేస్తుంది.

ఇక నా చేతులు కాలిన సంగతి. ఒకే ఫైల్‌ని పైనొక విండోలో, కిందొక విండోలో తెరిచి పెట్టుకున్నా. కౌంట్ అనే వేరియబుల్‌ని టోటల్ అండర్‌స్కోర్ కౌంట్ చేద్దామని విన్‌డూతో సబ్‌స్టిట్యూట్, అంటే వెతికి మార్చే కమాండ్, కొట్టా. తీరా చూస్తే అంతటా టోటల్ టోటల్ కౌంట్! విన్‌డూ లెక్కపెట్టేది విండోలని, ఫైళ్లని కాదు. రెండు విండోలు, రెండు సార్లు మార్చేసింది.

సరే అని కౌంట్‌కి రెండు వైపులా వర్డ్ బౌండరీ గుర్తులు, అంటే పూర్తి పదమైతేనే దొరకాలనే గుర్తులు, పెట్టా. అండర్‌స్కోర్ కూడా పదంలో భాగమే కాబట్టి రెండోసారి దొరకదు. నిజంగానే దొరకలేదు. దొరకలేదని ఎర్రర్ ఇచ్చి, వేరే ఫైల్ ఉన్న మూడో విండోకి వెళ్లకుండానే ఆగిపోయింది. ఒక విండోలో ఎర్రర్ వస్తే మిగతావి ముట్టుకోదు ఇది. చివర జీ (g) పక్కన, దొరక్కపోయినా ఎర్రర్ ఇవ్వొద్దని చెప్పే ‘ఈ’ (e) అక్షరం ఫ్లాగ్‌గా చేర్చాక గానీ దారికి రాలేదు. ఇప్పుడు వేళ్లు వాటంతటవే ఆ రెండక్షరాలూ కొట్టేస్తున్నాయి.

మరి బఫర్లన్నిటిలో, అంటే విమ్‌లో తెరిచిన ఫైళ్లన్నిటిలో, కమాండ్ నడిపే బఫ్‌డూ వాడొచ్చుగా అంటారేమో. అది ఒక్కో ఫైల్‌ని ఒక్కసారే ముట్టుకుంటుంది, నిజమే. కానీ బఫర్ లిస్టులో ఉన్న ప్రతిదాన్నీ ముట్టుకుంటుంది. పొద్దున్నెప్పుడో తెరిచి మర్చిపోయిన ఫైల్‌ని కూడా. కంటికి కనపడని ఫైల్‌లో మార్పులు చేసే ధైర్యం నాకు లేదండీ, అందుకే సబ్‌స్టిట్యూట్‌కి నా ఓటు విన్‌డూకే.

అన్ని ట్యాబ్‌లలోనూ కావాలంటే ముందు ట్యాబ్‌డూ తగిలించండి. ట్యాబ్‌డూ విన్‌డూ సెట్ నంబర్. ఇదిగో, పక్క ట్యాబ్‌లోకి వెళ్తున్నా... అక్కడా వచ్చేశాయి.