తాతయ్య మడి ఉప్పు, అక్క డ్రమ్ము ఉప్పు

మురళి: రికార్డింగ్ ఆన్ చేశానక్కా. ఆ గులగుల శబ్దమేంటి?

అక్క: డ్రమ్ములో పంపురా. రేపు ట్యాంకు నీళ్ళు మార్చాలి, మధ్యాహ్నమే ఉప్పు కలిపి పెట్టా. ఆపమంటావా?

మురళి: వద్దులే, ఇవాళ్టి మన కబుర్లు దాని గురించే కదా. వినేవాళ్ళకి చిన్న పరిచయం. మా అక్క మియాపూర్‌లో ఉంటుంది. హాల్లో టీవీ ఉండాల్సిన చోట రెండు వందల లీటర్ల సముద్రం, అదే ఉప్పునీటి చేపల ట్యాంకు, పెట్టుకుంది. రెండు క్లౌన్‌ఫిష్, ఒక రొయ్య, నాలుగైదు నత్తలు, కొన్ని మెత్తటి పగడాలు. బావ ఇప్పుడు క్రికెట్ ఫోన్‌లో చూస్తున్నాడు.

అక్క: ఆయన సంగతి ఇక్కడెందుకురా! మెత్తటివి అన్నావు కదా, అది ఎందుకో చెప్పు. గట్టి అస్థిపంజరం కట్టే పగడాలు మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి. పులి కూడా అదే జాబితా. మన సముద్రంలోంచి వాటిని తీయడం నేరం. ఎవరైనా వాట్సాప్‌లో ఫొటో పెట్టి అమ్ముతామంటే ఆమడ దూరంలో ఉండండి.

మురళి: సరే, నా మొదటి డౌటు. మనం పుట్టింది నౌపడ దగ్గర. తాతయ్య జీవితమంతా ఉప్పు మడుల్లోనే గడిచింది. ఆ ఉప్పు సముద్రపు నీళ్ళలోంచి వచ్చిందే కదా. తిరిగి నీళ్ళలో వేస్తే సముద్రం అయిపోదా? డబ్బాలకి డబ్బాలు ఇంపోర్టెడ్ ఉప్పు ఎందుకు కొంటావు?

అక్క: నేనూ మొదట అలాగే అనుకున్నా. కానీ మడిలో నీళ్ళు ఎండేటప్పుడు అన్నీ ఒకేసారి గడ్డకట్టవురా. ముందు సున్నం దిగుతుంది. నీళ్ళు ఐదో వంతుకి వచ్చేసరికి జిప్సం. అంటే కాల్షియం చాలావరకు అక్కడే పోయింది. పదో వంతుకి వచ్చాక అప్పుడు మన ఉప్పు గింజ కడుతుంది. ఉప్పు లాగేశాక మడిలో కొంచెం నీళ్ళు మిగిలేవి, వాటిని బయటికి వదిలేసేవాళ్ళు, గుర్తుందా?

మురళి: నువ్వు నాకు తాగించావు కూడా. కషాయం కంటే చేదు.

అక్క: ఆ చేదే మెగ్నీషియం. అసలు సముద్రంలో కరిగి ఉన్న లవణాల్లో మనం కూరలో వేసుకునేది సుమారు 85 శాతమే. లీటరు సముద్రపు నీళ్ళలో 1,300 మిల్లీగ్రాముల దాకా మెగ్నీషియం, 400 పైచిలుకు కాల్షియం ఉంటాయి. తాతయ్య అవి తీసేసి ఉప్పుని శుభ్రం చేశాడు. ఈ డబ్బాల వాళ్ళు అవన్నీ మళ్ళీ కొలిచి కలుపుతారు. ఆ కలిపినదానికే మనం డబ్బులిస్తున్నాం.

మురళి: మరి నేరుగా సముద్రం నీళ్ళే తెచ్చుకుంటే? వైజాగ్‌లో ఉన్నవాళ్ళకి బీచ్ పక్కనే.

అక్క: ఒడ్డున నీళ్ళలో ఏ కాలువ కలుస్తోందో మనకి తెలీదు. ఇంకోటి, బంగాళాఖాతాన్ని నమ్మలేం. వానాకాలం అయ్యాక గంగ, మహానది, గోదావరి అన్నీ వచ్చి పడి పైపొర చప్పబడిపోతుంది. 35 ఉండాల్సిన ఉప్పదనం మన ఉత్తర కోస్తా వైపు 30 కంటే దిగిపోతుంది. వేసవిలో తెచ్చిన బిందె వేరు, కార్తీకమాసంలో తెచ్చిన బిందె వేరు.

మురళి: 35 అంటే?

అక్క: కిలో నీళ్ళలో 35 గ్రాముల లవణాలు. నీళ్ళ సాంద్రత చూసే హైడ్రోమీటర్ భాషలో చెప్తే 1.026. అయితే డబ్బాలో ఉప్పుకి కొంత తేమ ఉంటుంది కాబట్టి లీటరుకి 38 గ్రాముల దాకా పడుతుంది. నా డ్రమ్ములో 40 లీటర్లకి కిలోన్నర వేశా.

మురళి: ఏ డబ్బా కొనాలి? అందరూ అడిగేది ఇదే.

అక్క: నీ ట్యాంకులో ఏముందో చూసి కొను. ఒకే కంపెనీలో కూడా తేడా ఉంటుంది. రెడ్ సీ అనే కంపెనీవే రెండున్నాయి. నీలం డబ్బాలో ఆల్కలినిటీ, అంటే నీళ్ళలో ఆమ్లాన్ని తట్టుకునే కార్బొనేట్ల మోతాదు, 8 డీకేహెచ్ (దాని కొలత పేరు అది) చుట్టూ, నల్ల డబ్బాలో, అదే కోరల్ ప్రో, 12 చుట్టూ. సముద్రంలో సుమారు 7. గట్టి పగడాలు గబగబా అస్థిపంజరం కట్టుకునే ట్యాంకులో కాల్షియం, ఆల్కలినిటీ రోజూ ఖర్చయిపోతుంటాయి, అక్కడ 12కి అర్థం ఉంది. నాలాంటి మెత్తటి పగడాల వాళ్ళకి 7, 8 ఉన్న మామూలు ఉప్పు హాయిగా సరిపోతుంది. ఖరీదైనది వేస్తే బాగా పెరుగుతాయనుకోవడం, పాలలో రెండు రకాల పౌడర్లు కలిపి పిల్లాడికి పట్టించడం లాంటిదే.

మురళి: ఇప్పుడు వాడుతున్నది మార్చి ఇంకోటి కొంటే?

అక్క: మార్చచ్చు, హడావిడి వద్దు. ట్యాంకులో 8 ఉంది, కొత్త నీళ్ళలో 12 ఉంది అనుకో. సగం నీళ్ళు మార్చావంటే గంటలో 10కి ఎగురుతుంది. పదో వంతే మారిస్తే 8.4. రోజుకి ఒక డీకేహెచ్ దాటకుండా చూసుకుంటే గొడవ లేదు. అంకె కొంచెం అటూ ఇటూ ఉన్నా పగడం సర్దుకుంటుంది, ఉన్నట్టుండి మారితేనే ముడుచుకుపోతుంది.

మురళి: నీళ్ళ సంగతి? నువ్వు వంటింటి ఆర్వో నీళ్ళు వద్దన్నావు ఒకసారి.

అక్క: మా బోరు నీళ్ళు మీటర్ పెడితే టీడీఎస్, అంటే నీళ్ళలో కరిగి ఉన్న లవణాలు అవీ, 800 చూపిస్తుంది. వంటింటి ఆర్వోలోంచి వచ్చేవి 60, 70. అంతేనా అని సంబరపడ్డా. తీరా చూస్తే తాగడానికి రుచి ఉండాలని ఆ మెషీన్లోనే ఒక చిన్న స్క్రూ ఉంటుంది, వడకట్టని నీళ్ళు కొంచెం తిరిగి కలుపుతుంది. ఆ కొంచెంలో నైట్రేట్, సిలికేట్ ఏమున్నాయో ఎవడికి తెలుసు? ట్యాంకు మొదటి మూడు నెలలు గాజు మీద గోధుమరంగు నాచే. ఆర్వో తర్వాత, మిగిలిన లవణాల్ని కూడా పట్టేసే డీఐ రెజిన్ పెట్టాక మీటర్ సున్నాకి వచ్చింది. ఉప్పు ఎంత మంచిదైనా నీళ్ళు మంచివి కాకపోతే దండగ.

మురళి: కలపడంలో నువ్వు చేసిన ఘనకార్యం చెప్పవా?

అక్క: చెప్పించేదాకా వదలవు కదా! మొదటిసారి డ్రమ్ము అడుగున ఉప్పంతా పోసి, పైనుంచి మగ్గుతో నీళ్ళు పోశా, పిండి కలిపినట్టు. మే నెల, బాల్కనీలో ఎండ. పదినిమిషాల్లో పాలలా తెల్లగా అయిపోయింది. కరుగుతుందిలే అని రాత్రంతా తిప్పా. పొద్దున చూస్తే అడుగున సున్నం పూతలా తెల్లటి పొర, పంపు రెక్కలకి కూడా అంటుకుపోయింది. గోరుతో గీకితే గరగరమంది. కాల్షియం, ఆల్కలినిటీ ఒకదాన్నొకటి పట్టుకుని సున్నంగా దిగిపోయాయి. మొదట పోసిన ఆ కొంచెం నీళ్ళలో అంత ఉప్పు చిక్కగా ఉంటే అంతే మరి. వేడి తగిలితే ఇంకా తొందరగా.

మురళి: అంటే ముందు నీళ్ళు...

అక్క: ముందు నీళ్ళు, పంపు ఆన్, తర్వాత ఉప్పు కొంచెం కొంచెంగా చల్లడం. ఉప్మా రవ్వ పోసినట్టు. నీళ్ళు తేటపడ్డాక హీటర్ పెట్టి 25, 26 డిగ్రీలకి తెస్తా. మా హైదరాబాద్ వేసవిలో హీటర్ అక్కర్లేదు, డ్రమ్ము ఏసీ గదిలో పెట్టాలి. ఇంకోటి, డబ్బా కొత్తగా తెరిచినప్పుడు మూత బిగించి నేల మీద నాలుగుసార్లు దొర్లిస్తా. లారీలో కుదుపులకి సన్న గింజలు అడుగుకి చేరి ఉంటాయి.

మురళి: రోజూ కొంత నీరు ఆవిరవుతుంది కదా, దానికీ ఇవే నీళ్ళు పోస్తావా?

అక్క: అమ్మో! ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు ట్యాంకులోనే ఉంటుంది. వేసవిలో నాకు రోజుకి రెండు లీటర్లు పోతాయి. దాని బదులు ఉప్పు నీళ్ళు పోస్తే రోజూ కాస్త పెరుగుతూ పోతుంది. చేపలు కొంత తట్టుకుంటాయి, రొయ్యలు, నత్తలు తట్టుకోలేవు. అక్కడ ఉత్త ఆర్వో డీఐ నీళ్ళే.

మురళి: ఆ చేతిలో దుర్భిణిలా ఉందే, అదేనా ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్?

అక్క: అదే. ఇందాక డ్రమ్ము నీళ్ళు రెండు చుక్కలు వేసి చూశా, సరిగ్గా 35. కానీ చాలామంది దీన్ని మంచినీళ్ళతో సున్నాకి సెట్ చేసి వదిలేస్తారు. సున్నా దగ్గర సరిగ్గా ఉన్నంతమాత్రాన 35 దగ్గర సరిగ్గా ఉండాలని లేదు. 35 దగ్గరే సెట్ చేయాలి. దానికి ద్రావణం అమ్ముతారు, లేదంటే ఇంట్లోనే చేసుకోవచ్చు. మామూలు ఉప్పు 36.5 గ్రాములు, ఆర్వో డీఐ నీళ్ళు 963.5 గ్రాములు. కాంతిని వంచే విషయంలో అది 35 ఉప్పదనం ఉన్న సముద్రపు నీళ్ళతో సమానం.

మురళి: వంటింట్లో ఉప్పా? ఇందాకటినుంచి పనికిరాదన్నావు!

అక్క: ట్యాంకుకి పనికిరాదన్నా. దీనికి పనికొస్తుంది. నువ్వే తూయి. ఆ డబ్బా ఇలా తే, తడి చెంచా పెట్టకు.

మురళి: ముప్పై ఆరు... ముప్పై ఆరున్నర. ఈ కాటా మీద అర గ్రాము కూడా తెలుస్తోందే. నీళ్ళు 963, ఇంకో చుక్క... సరే. కలిపా.

అక్క: బాగా కలుపు. ఒక చుక్క గాజు మీద వేసి మూత వెయ్యి, బుడగ ఉండకూడదు. అర నిమిషం ఆగి లైటు వైపు చూడు. నీలం, తెలుపు కలిసే గీత ఎక్కడుంది?

మురళి: 37.

అక్క: సరిగ్గా చూడరా.

మురళి: 37 అక్కా. నువ్వే చూడు.

అక్క: ...అవును. అంటే రెండు ఎక్కువ చూపిస్తోంది. ఇందాక 35 అనుకున్నది 33 అన్నమాట.

మురళి: రేపు అవే నీళ్ళు పోసేదానివి కదా?

అక్క: ముందు ఆ స్క్రూ డ్రైవర్ ఇటివ్వు, దీన్ని 35కి తిప్పుతా. పై అరలో ఉప్పు బకెట్ ఉంది, దించు. 40 లీటర్లకి ఇంకో 80, 90 గ్రాములు పడుతుంది. ఒకేసారి కుమ్మరించకు, పంపు ముందు చల్లు.