లైసెన్స్ ఇవ్వం, కారణం చెప్పం అంటే కుదురుతుందా?

(తెర మీద: గుర్రపు పందేల మైదానం, పాత నలుపు తెలుపు ఫొటో)

నమస్కారం. ఫ్లోరెన్స్ నేగిల్ ఇంగ్లండ్‌లో ఏళ్ల తరబడి పందెపు గుర్రాలకు శిక్షణ ఇచ్చారు. లైసెన్స్ మాత్రం ఆవిడ దగ్గర పనిచేసే హెడ్ ల్యాడ్, అంటే గుర్రపుశాల పనివాళ్ల పెద్ద, పేరు మీద ఉండేది. పని ఆవిడది, కాగితం మీద ట్రైనర్ ఆయన! ఆడవాళ్లకు ట్రైనర్ లైసెన్స్ ఇవ్వకపోవడం జాకీ క్లబ్ ఆనవాయితీ. అలాగని ఏ నిబంధనలోనూ రాసి లేదు.

అక్కడ ఫ్లాట్ రేసింగ్, అంటే అడ్డంకులు దూకకుండా పరిగెత్తే పందేలు, మొత్తం ఆ క్లబ్ గుప్పిట్లో ఉండేది. అది ప్రభుత్వ శాఖ కాదు, ప్రైవేటు సంఘం. ఆవిడ దావా వేస్తే, అసలు విచారణకే తగదని కింది కోర్టు కొట్టేసింది. 1966లో జడ్జి లార్డ్ డెన్నింగ్ ఉన్న అప్పీల్ కోర్టు దానికి ఒప్పుకోలేదు. ఒక వృత్తిలోకి వెళ్లడానికి ఉన్న ఒకే వాకిలి దగ్గర కూర్చున్న సంఘం, ఇష్టం వచ్చినట్టు తలుపు మూయకూడదన్నది అక్కడి వాదన. చివరికి క్లబ్ దిగివచ్చి లైసెన్స్ ఇచ్చింది. అప్పటికి ఆవిడ వయసు 70 దాటింది.

(తెర మీద: బాక్సింగ్ రింగ్)

1978లో మరో కేసు. బాక్సింగ్ మేనేజర్ లైసెన్స్ పదే పదే అడిగినా రాని ఒకాయన, నా మీద మీ అభ్యంతరం ఏమిటో చెప్పండి, నా మాట వినండి అన్నారు. జడ్జి మెగరీ ఒక తేడా చూపించారు. ఉన్న లైసెన్స్ తీసేస్తే నోటీసు ఇవ్వాలి, వాదన వినాలి. కొత్తగా అడిగేవాళ్ల విషయంలో నిజాయితీగా, పక్షపాతం లేకుండా నిర్ణయిస్తే చాలు, కారణం చెప్పక్కర్లేదు. నాకు ఇది మింగుడుపడదు. కారణమే చెప్పకపోతే పక్షపాతం ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

జాకీ క్లబ్ నిర్ణయాలపై జ్యుడీషియల్ రివ్యూ, అంటే ప్రభుత్వ సంస్థల నిర్ణయాలను కోర్టు పరిశీలించే పద్ధతి, కుదరదని 1992లో అక్కడి అప్పీల్ కోర్టు తేల్చింది. మన దగ్గర దారి కొంచెం విశాలం. 2005లో జీ టెలిఫిల్మ్స్ కేసులో సుప్రీంకోర్టు, బీసీసీఐ ‘రాజ్యం’ (ప్రభుత్వంలో భాగం) కాదంటూనే, ప్రజలకు సంబంధించిన బాధ్యత నిర్వర్తిస్తుంది కాబట్టి రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టుకు వెళ్లొచ్చని చెప్పింది. ప్రతి చిన్న సంఘానికీ ఇది వర్తించదు. అలాంటప్పుడు సివిల్ కోర్టే దిక్కు.

మీ లైసెన్స్ రద్దు చేస్తే టెన్షన్‌లో ఫోన్లు చేస్తూ కూర్చోకండి. ఆరోపణలేమిటో, వాటికి ఆధారాలేమిటో రాతపూర్వకంగా అడగండి. జవాబుకు గడువు కోరండి. ఇచ్చిన ప్రతి కాగితానికీ రసీదు తీసుకోండి.