పాత బైకు చైన్ లాక్: కొనే ముందు కొలవవలసినవి

[దృశ్యం: చెన్నై, జనరల్ ప్యాటర్స్ రోడ్డు. బైకు విడిభాగాల దుకాణాల వరుస. ఒక దుకాణం బల్ల మీద నాలుగైదు చైన్ లాకులు.]

కథనం: నమస్కారం. ఈ వీధిలో ఏ దుకాణానికి వెళ్లి చైన్ లాక్, అంటే బండి చైన్ రెండు కొసలను కలిపే లింకు, అడిగినా, ముందు వినిపించే ప్రశ్న "ఏ బండి?" అన్నదే. కొత్త బండికి ఆ ప్రశ్న సరిపోతుంది. ముప్ఫై ఏళ్లు నడిచి, ముగ్గురు నలుగురు యజమానుల చేతులు మారిన బండికి మాత్రం పేరు చెప్పి లాక్ కొనడం క్షేమం కాదు. మధ్యలో ఎవరు ఏ చైన్ వేశారో, స్ప్రాకెట్లు (చైన్ తిరిగే పళ్ల చక్రాలు) ఎప్పుడు మార్చారో మనకు తెలియదు. అందువల్ల బండి పేరును పక్కన పెట్టి, దానికి ఇప్పుడు ఉన్న చైన్‌నే కొలవాలి.

[దృశ్యం: 1994 నాటి ఆర్ఎక్స్ 100. చైన్ కవర్ విప్పి ఉంది. కిరోసిన్‌లో ముంచిన గుడ్డతో ప్లేట్లను తుడుస్తున్న చేయి.]

ఒక ప్లేటుకు బిగించిన రెండు పిన్నులు, అవతలి వైపు విడిగా వచ్చే మరో ప్లేటు, దాన్ని ఊడకుండా పట్టి ఉంచే చేప ఆకారపు క్లిప్పు, ఇవే లాక్‌లోని భాగాలు. జిడ్డు తుడిచి చూస్తే చాలా చైన్ల ప్లేట్ల మీద ఒక నంబరు కనిపిస్తుంది. ఈ బండికి ఉన్నది 428. మొదటి అంకె ఒక పిన్ను నడిమి నుంచి పక్క పిన్ను నడిమి వరకు ఉండే దూరాన్ని అంగుళంలో ఎనిమిదో వంతుల లెక్కన చెబుతుంది. నాలుగు అంటే అర అంగుళం, అనగా 12.7 మిల్లీమీటర్లు, 520, 530 వంటి చైన్లలో అది 15.875 మిల్లీమీటర్లు. చివరి రెండు అంకెలు స్ప్రాకెట్ పన్ను దూరే లోపలి వెడల్పుకు గుర్తు. 420లో అది పావు అంగుళం కాగా, 428లో ఎనిమిది మిల్లీమీటర్లకు కొద్దిగా తక్కువ.

నంబరు చెరిగిపోయి ఉంటే స్కేలు చాలు. ఒక పిన్నును సున్నాగా లెక్కించి పదో పిన్ను వరకు కొలిచినప్పుడు 127 మిల్లీమీటర్ల దగ్గరలో వస్తే అది అర అంగుళపు చైన్. పిన్ను మందం కొలవడానికి మాత్రం వెర్నియర్ కావాలి. ఆ పని ఎందుకు మానకూడదో నాకు డబ్బు పోయాకే తెలిసింది.

[దృశ్యం: బల్ల మీద రెండు లాకులు పక్కపక్కనే. చూపుకు తేడా తెలియదు.]

ఈ రెండింటిలో ఎడమ వైపుది 428 బైకు లాక్. కుడి వైపుది కర్మాగారాల్లో యంత్రాలకు వాడే 40 నంబరు చైన్‌ది. రెండింటి పిన్నుల మధ్య దూరం ఒక్కటే, వెడల్పు కూడా దాదాపు ఒక్కటే. ఒక దుకాణంలో నాకు రెండోది ఇచ్చారు. అది సులువుగా దూరింది, క్లిప్పు కూడా పడింది, నేను సంతోషించాను. ఆ సులువునే అనుమానించవలసింది. 428 పిన్ను మందం దాదాపు 4.5 మిల్లీమీటర్లు, 40 నంబరు పిన్ను నాలుగు కూడా ఉండదు. అర మిల్లీమీటరు వదులుతో ఆ పిన్ను ప్రతి చుట్టులోనూ తన చుట్టూ ఉండే గొట్టం వంటి బుష్‌లో కొట్టుకుంటుంది. వారం తిరగకముందే వెనుక చక్రం దగ్గర టక్ టక్ శబ్దం మొదలై, విప్పి చూస్తే పిన్ను ఒక వైపు అరిగిపోయి ఉంది. లాక్ తెగితే చైన్ ముందు స్ప్రాకెట్ దగ్గర చుట్టుకుని ఇంజన్ కేసును పగలగొట్టవచ్చు, వెనుక చక్రం పరుగులోనే బిగుసుకుపోవచ్చు.

[దృశ్యం: 428, 428హెచ్ లాకుల పిన్నులు నిలువుగా, పక్కపక్కన.]

హెచ్ అక్షరం సంగతి కూడా ఇలాంటిదే. 428హెచ్ చైన్‌కు ప్లేట్లు మందం, అందుకే దాని లాక్ పిన్నులు పొడవు. మామూలు 428 లాక్‌ను దానికి వేస్తే పిన్ను కొసలోని గాడి బయటికి పూర్తిగా రాదు; క్లిప్పు పట్టినట్టు కనిపిస్తుందే గాని పట్టదు. పిన్నుల దగ్గర రబ్బరు రింగులు ఉండే ఓ-రింగు చైన్‌కైతే ఇంకా పొడవైన పిన్నులూ, నాలుగు కొత్త రింగులూ కావాలి. వీలైనంత వరకు చైన్ తయారుచేసిన సంస్థదే లాక్ తీసుకోండి: ప్లేటు మీద రోలాన్ అని ఉంటే రోలాన్, డైమండ్ అని ఉంటే డైమండ్. పాత లాక్ చేతిలో ఉంటే దాన్ని కాగితంలో చుట్టుకుని దుకాణానికి తీసుకెళ్లడం అన్నిటికంటే మేలు.

అయితే లాక్ కొనడం అసలు అవసరమేనా అన్నది ముందే తేల్చుకోవాలి. చైన్‌ను బిగువుగా లాగి, ఇరవై లింకుల పొడవు కొలవండి. కొత్త 428లో అది 254 మిల్లీమీటర్లు. 259 దాటిందంటే పిన్నులు, బుష్‌లు అరిగి చైన్ సాగినట్టే. అటువంటి చైన్‌లో కొత్త లాక్ ఒక్కటే అసలు కొలతతో ఉండి, మిగతా లింకులతో పొసగదు. అప్పుడు స్ప్రాకెట్లతో కలిపి మొత్తం సెట్టు మార్చడమే చవక. సాగిన చైన్‌ను ఒక లింకు కోసి, హాఫ్ లింక్ పెట్టి బిగిద్దామని కొందరు మెకానిక్‌లు అంటారు. లోపలి లింకు, బయటి లింకు ఒకదాని తరువాత ఒకటి రావాలి కనుక చైన్‌లో లింకుల సంఖ్య సరి సంఖ్యే కావాలి. బేసి వచ్చినప్పుడు అతకడానికే ఆ వంపు ప్లేట్ల హాఫ్ లింక్. చైన్ మొత్తంలో బలహీనమైన చోటు అదే అవుతుంది గనుక నేను ఒప్పుకోను.

[దృశ్యం: క్లిప్పు బిగింపు, దగ్గరగా. పై వరుస చైన్ ముందుకు కదులుతోంది.]

బిగించేటప్పుడు క్లిప్పు మూసి ఉన్న కొస చైన్ కదిలే దిశకు ఉండాలి. పై వరుసలో చైన్ వెనుక చక్రం నుంచి ఇంజన్ వైపుకు కదులుతుంది కాబట్టి, అక్కడ లాక్ పెడితే మూసిన కొస ముందుకు చూడాలి. ముక్కుపటకారుతో మెల్లగా తోయండి. సాగదీసి ఎక్కించిన క్లిప్పును పారేసి కొత్తది వేయండి. చక్రాన్ని చేతితో పది చుట్లు తిప్పి, లాక్ స్ప్రాకెట్ మీదుగా వెళ్లే ప్రతిసారీ బిగుసుకుంటోందా అని గమనించండి. కొత్త లాక్ వేసిన తరువాత మొదటి యాభై కిలోమీటర్లకు ఒకసారి ఆగి, క్లిప్పు గాడిలోనే ఉందో లేదో చూడండి.

[దృశ్యం: సీటు కింద పనిముట్ల సంచిలో, నూనె కాగితంలో చుట్టిన అదనపు లాక్.]