సింహాల్లేని టాంజానియా: అమాని అడవి ఎలా ఉందంటే

నమస్తే అండీ! టాంజానియా అనగానే అందరూ సింహాలుండే సెరెంగెటి పార్కు గురించే అడుగుతారు. ఈ వీడియో దాని గురించి కాదు. దేశానికి ఈశాన్యంలో తూర్పు ఉసాంబరా కొండలున్నాయి, వాటి మీద అమాని అనే చిన్న ఊరు. చుట్టూ ఉన్న అడవి 1997 నుంచి ప్రకృతి రిజర్వు. జీపులో కూర్చుని చూసేస్తే ఇక్కడ ఏమీ కనపడదు. నడవాలి, వంగి చూడాలి.

ఆఫ్రికన్ వయొలెట్ తెలుసుగా, కిటికీ దగ్గర చిన్న కుండీలో ఊదా రంగు పూలు పూసేది? దాని పుట్టిల్లు ఈ వైపు కొండలే. జర్మన్ల పాలనలో సెయింట్ పాల్ అనే అధికారి వీటిని తన దేశానికి పంపాడు. 1893లో ఆయన పేరు మీదే మొక్కకి సెయింట్‌పౌలియా అని శాస్త్రీయ నామం పెట్టారు. ఇక్కడ మాత్రం వాగుల పక్కన, నీడలో, నాచు పట్టిన రాళ్ళ మీద పెరుగుతుంది. నర్సరీలో కొనుక్కునే మొక్కని ఇలా రాతికి అతుక్కుని చూడటం నాకైతే భలే నచ్చింది.

రాత్రి నడక అస్సలు మిస్ కావద్దు. పగలు ఆకుల్లో కలిసిపోయే ఊసరవెల్లులు రాత్రి కొమ్మల చివర నిద్రపోతాయి, టార్చి వెలుగుకి పాలిపోయి ఇట్టే కనపడతాయి. ఇక్కడి ఒక రకంలో మగదానికి ముక్కు మీద మూడు కొమ్ములు. ఎండుటాకులా ఉండే బుల్లి రకాలూ ఉన్నాయి, అవి గైడ్ చూపిస్తే తప్ప మన కంట పడవు.

నలుపు తెలుపు కొలోబస్ కోతులు చెట్ల పైనే ఉంటాయి, బైనాక్యులర్ పట్టుకెళ్ళండి.

ఇంకో మాట. పచ్చగా ఉన్నదంతా ఇక్కడిది కాదు. 1902లో జర్మన్లు ఇక్కడ పరిశోధనా కేంద్రం పెట్టి ఎక్కడెక్కడి మొక్కలో తెచ్చి నాటారు. మేసాప్సిస్ అనే చెట్టూ బయటి నుంచి వచ్చిందే, ఆఫ్రికాదే అయినా ఈ కొండది కాదు, ఇక్కడ అడవిలో పాకిపోతోంది. దాని పళ్ళు తిని గింజలు చల్లేది ఎవరనుకున్నారు? మనం మురిసిపోయి ఫొటోలు తీసే హార్న్‌బిల్ పక్షులే! ఏలకుల సాగు ఇంకో సమస్య. అడవి నీడలోనే వేస్తారు కాబట్టి, కింద మొలిచే లేత చెట్లు పోతాయి.

నా రేటింగ్ 5కి 4. ఏనుగుల కోసం వచ్చేవాళ్ళకైతే 1. కొండ కింద ముహెజా అనే ఊరి నుంచి పైకి మట్టిరోడ్డు, మార్చి నుంచి మే దాకా గట్టి వానలు. ఆ నెలల్లో ప్లాన్ చేయకండి.